ఉల్లాకు మీద నీటిబొట్టు

తలకు పోసుకోవడానికి ఆమె పెరట్లో కుంకుడుకాయలు పిసుకుతోంది. నాయన చేను నుంచి వచ్చి, ఒక ఉల్లాకు ఆమె ముందర పడేసి కూలబడ్డాడు.

“రెండుసార్లు మందు కొట్టినా తామర పురుగు చావలా పాపా. ఇంక ఈ పంట దక్కదు, రేపు చేన్లోకి గొర్రెల్ని మేతకు తోలేస్తా.”

“మందు కల్తీదా నాయనా?”

“పక్క చేన్లో పత్తికి అదే మందు. బాగానే పనిచేసింది.”

ఆమె ఆకు మీద నీటిబొట్టు వేసింది. అది గుండుగా దొర్లి నేలపాలైంది.

“చూసినావా? ఉల్లాకు మీద మైనం ఉంటాది. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి గానీ మైనాన్ని పట్టుకోవు. నీ మందంతా నేల తాగింది.”

“మీ కాలేజీలో ఉల్లి సేద్యం కూడా చెప్తారా?”

“అణువుల గురించి చెప్తారు. కుంకుడు రసంలో ఉండే అణువు ఒక కొసతో నీళ్లను, ఇంకో కొసతో మైనాన్ని పట్టుకుంటాది. పంచాయితీలో పెద్దమనిషి మాదిరి.”

“అట్లాటోళ్లను శానామందిని చూసినాలే.”

ఆమె నవ్వి, నీళ్లలో కాస్త రసం కలిపి మరో బొట్టు వేసింది. ఈసారి అది దొర్లకుండా ఆకంతా పలచగా పరుచుకుంది. నాయన ఆకును తలకిందులు చేసి చూశాడు. తడి అట్లే ఉంది. నాలుగు రోజులుగా ముడిపడిన ఆయన నొసలు విచ్చుకుంది. ఆమెకు ప్రాణం కుదుటపడింది.

“మందులో కలిపే ముందు గుడ్డతో వడగట్టు నాయనా, లేకుంటే నాజిల్ మూసుకుపోతాది.”

ఆయన ఆమె కుంకుడు రసం గిన్నె ఎత్తుకుని, స్ప్రేయర్ భుజానికి తగిలించుకుని గడప దాటాడు.