మెలి తిరిగిన ఆకు

యుద్ధకాలం, పైగా కరువు. పాకాల దగ్గర కొండ దిగువన, కట్టెలమోపు దించి వచ్చిన అత్త పొయ్యి మీది కుండలోకి తొంగిచూసింది. తిరుచానూరు నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు పక్కనే ఉంది.

"ఈ గడ్డలు యాడ తవ్వినావు మే?"

"వాగుగట్టున అత్తా. మొన్న నువ్వు తెచ్చిన అడవిగడ్డల మాదిరే ఉండాయి."

"తీగకు ముండ్లు ఉన్నాయా?"

"చేతికి ఏమీ గుచ్చుకోలేదు."

"ఒక కాడకు అయిదాకులు ఉన్నాయా, అరచెయ్యి చాపినట్టు?"

"లేదత్తా, ఒంటి ఆకులే. కొసలు మెలి తిరిగి కంపను పట్టుకోనుండాయి."

"కొస మెలి తిరిగేది అడవినాభి. ఇసం మే అది. ఆ తీగ యాడ, నాకు సూపించు."

"మేకకు ఏసినాను."

"తినిందా?"

"వాసన చూసి పక్కకు పోయింది. ఆకలి లేదేమో అనుకున్నాను."

"నిన్నటినుంచి మేత లేని మేకకు ఆకలుండదా? కుండ దించు. నువ్వు తిన్నావా?"

"లేదు. నువ్వొచ్చినాక తిందామని ఉన్నాను."

"మరి కుండ సగమే ఉండాదే."

"నీ కొడుక్కు పెట్టినాను అత్తా. ఈపాటికి రైలెక్కి ఉంటాడు."