అటకెక్కించలేని సరుకు

"మే నాలుగో తేదీ, మావయ్యగారూ. ఆ వేళ పనసపొట్టు కూర తిన్నాం. చెయ్యి కడుక్కుని వచ్చి, ఒక కంపెనీ షేరు పెరుగుతుందని ఆప్షన్లు కొన్నాను."

"ఇప్పుడెంత మిగిలింది?"

"నాలుగో వంతండి. రేపు మధ్యాహ్నంతో వాటి గడువు తీరిపోతుంది."

అంబాజీపేటలో ఆ ఇంట్లో రాత్రి భోజనాలయ్యాయి. మామ అటక మీద ఎండబెట్టిన కురిడీ కొబ్బరికాయలు అమ్మించి, ఆ డబ్బుతో మరికొన్ని ఆప్షన్లు కొనాలని అల్లుడి పట్టు.

"షేరు ఒక్క ఎగురు ఎగిరితే చాలండి. పదింతలొస్తుంది."

"ఎగరకపోతే?"

"సున్నా అండి."

"సగం పోయినప్పుడే ఎందుకమ్మలేదండీ, అల్లుడుగారూ?"

"మీరేగాండీ చెప్పేరు, ధర పడితే కంగారుపడకుండా అటకెక్కించమని."

మామ తలెత్తి అటక కేసి చూశాడు.

"నేను కాయ సంగతి చెప్పేనండి. కాయ ఏడాది ఆగితే ఎండి కురిడీ అవుతుంది, రేటు పెరుగుతుంది. మీది రొయ్యల పెట్టెలో ఐసు. షేరు కదలకపోయినా రోజూ కరిగిపోతుంది."

"మరి ఈ కాయలు..."

"అమ్మాయి పురిటికని ఉంచేను. ఇవ్వనండి."

"తనతో చెప్పకండి."

"నేను చెప్పను. పొద్దున్నే ఆ మిగిలింది అమ్మేసి, మీరే చెప్పండి."

"అమ్మేక ఎగిరితేనండీ?"

"ఎగరనివ్వండి. ఇద్దరం కూర్చుని ఏడుద్దాం."

అల్లుడు నవ్వబోయి ఊరుకున్నాడు. తలూపి, "ఆయ్, అలాగేనండి" అన్నాడు.

పక్కగదిలో కూతురు పొట్ట మీద చెయ్యేసుకుని నిద్రపోతోంది. ఇవేవీ దాని చెవిన పడలేదు, అదే పదివేలనుకున్నాడు మామ. చప్పుడు కాకుండా ఆ గది తలుపు చేరవేశాడు.