బొగ్గుదుమ్ము రేటు

బొగ్గు గనుల పక్కనున్న తుకుంలో కార్లకు మెరుగు పెట్టే దుకాణం. బొగ్గు లారీల సేఠ్ తన కొత్త తెల్లకారు పక్కన నిలబడి దుకాణదారుతో బేరమాడుతున్నాడు.

“కారుకు మెరుగు పూతకు ఇరవై వేలా? నాగ్‌పూర్ల పదిహేనే తీస్కుంటుండ్రు తమ్మీ!”

“నాగ్‌పూర్ల గింత బొగ్గుదుమ్ము ఏడిది సేఠ్? ఈడ దుమ్మును బట్టే రేటు.”

“మూడేండ్లు గ్యారంటీ ఇస్తవా మరి?”

“ఒక్క ఏడాదే. వరోరా రోడ్డు మీద లారీలు బొగ్గు మీద తాడ్‌పత్రి కప్పకుంట తిరిగినన్ని దినాలు గంతే.”

“నా లారీలనే అంటున్నవా ఏంది?”

“వాటి అద్దాల మీద నీ పేరే ఉన్నది గద. అవి దుమ్ము లేపుతెనే నాకు గిరాకి. పుణ్యాత్మునివి సేఠ్!”

“బొగ్గు మీద తాడ్‌పత్రి కట్టాల్నంటె ట్రిప్పు ట్రిప్పుకు టైం ఖరాబ్. నీకేం ఎరుక?”

“కట్టకు సేఠ్, అస్సలు కట్టకు! నువ్వు కడితె నేను దుకాణం మూస్కోవాలె.”

“గట్లయితె నీ గిరాకిల నాకు కమీషన్ రావాలె. ఈ పూత ఫుకట్‌ల వెయ్యి!”

“వేస్త. గని మా అవ్వ రెండేండ్ల సంది దగ్గుతుంది. నీ కమీషన్లకెల్లి ఆమె మందుల ఖర్చు పట్టుకుంట. హిసాబ్ చేస్తె, నువ్వే నాకు ఎదురియ్యాలె సేఠ్.”