ఏట్లో మనిషి ఉండాడు

ఆనకట్ట కింద చిన్న కరెంటు కేంద్రంలో ఆపరేటరు నీటి గేటు తెరవబోతున్నాడు. వేప్పనపల్లి వైపు గొర్రెలు మేపుకునే ఒకామె పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

“తెరవద్దప్పా! మా ఆయన ఏట్లో గొర్రెలు కడుగుతా ఉండాడు.”

“సైరన్ కొట్టినాను కదమ్మా.”

“ఆయప్పకి చెవుడు. ఈ నీళ్లు ఆడికే కదా వచ్చేది?”

“అవును. పైనుంచి పైపులో పడి టర్బైన్‌ను తిప్పుతాయి. దాంతో జనరేటర్ తిరిగి కరెంటు పుడుతుంది. ఆ నీళ్లన్నీ మళ్లీ ఏట్లోకే పోతాయి.”

“అయితే ఏరు పొంగుతుంది!”

“అందుకే చెప్తా ఉండా, పోయి గట్టుమీదికి పిల్చుకోని రా.”

“నేనట్ల పోతే నువ్విట్ల తెరిచేస్తే?”

“తెరవనమ్మా.”

“నీ ఫోను మోగతానే ఉంది. పైవాళ్లు తెరవమంటే?”

“ఇదో తాళంచెవి. ఇది లేకుండా గేటు కదలదు. నీ దగ్గరే పెట్టుకోని పో.”

ఆమె తిరిగి వచ్చేసరికి అతడు వాకిట్లోనే పచార్లు చేస్తున్నాడు.

“గట్టెక్కినాడా అమ్మా?”

“ఎక్కినాడప్పా, గొర్రెలు గూడా. ఇదో, తీసుకో. ఇంక తెరువు.”

“ఏమన్నాడు?”

“నన్నే తిట్టినాడు. అంత పరుగు దేనికి, పడి కాలు విరగ్గొట్టుకుంటావని.”