మెడల మా అన్న పేరు

"కాకా, మొన్న పెండ్లిల ఎవలో ఒకాయన నిన్ను నర్సింహా అని పిలిస్తే పలికినవేంది? నర్సింహ మా నాయిన పేరు గదా."

అవ్ బిడ్డా, పలికిన. పలుకక ఏం జేస్త, రెండేండ్లు గా పేరు మీదనే బత్కిన. గాయన నాతోని కంపెనీల చేసిండు. మల్లయ్య అంటే గాయనకు ఇప్పటికి యాదికి రాదు, నేను నర్సింహనే. కూసో, చెప్త. మీ చిన్నమ్మ ఇంట్ల ఉంటే నడుమ నడుమ అందుకుంటది, ఇప్పుడు కూరగాయలకు పోయింది, మంచిగైంది.

గప్పుడు రింగు రోడ్డు పడుతున్నది. పట్నం మన దిక్కు పాలు పొంగినట్టు పొంగుకుంట వస్తున్నది. ఆదిబట్ల కాడ ఎకరం రేటు పొద్దుగాల ఒకటి, పొద్దుమీకి ఇంకోటి. మనకేమున్నది, మన చెల్క మీ తాత ఎన్నడో ఓ జత ఎద్దుల ధరకు ఇచ్చేసిండు. భూమి ఉన్నోళ్లు కార్లు కొన్నరు, లేనోళ్లం ఆ కార్లు పోయే రోడ్డుకు కంకర మోసినం. ఆర్నెల్లు మోసిన నేను. కాదు కాదు, ఎనిమిది నెలలు, పీర్ల పండుగ దాటిందాక.

గప్పుడే రావిర్యాల దిక్కు కరెంటు డబ్బాలు చేసే కంపెనీ ఒకటి తెరిసిండ్రు. మనుషులు కావాలన్నరు. నీడపట్టు పని, నెల నెల జీతం, ఇంక ఏం కావాలె? గని హోటల్ కాడ కూసున్నోళ్లు ఓ మాట వడేసిండ్రు. టీ అప్పుడు రెండు రూపాయలు, సలహాలు ఉత్తగనే. "కంపెనీల పేరెక్కిందంటే నీ తెల్లకార్డు కోసేస్తరు మల్లిగా" అన్నరు. తెల్లకార్డంటే బియ్యమొక్కటే కాదు గద. ఏదన్న పెద్ద రోగమొస్తే ఆపరేషన్ సుత దాని మీదనే. కూలోనికి గదొక్కటే ఆధారం.

మీరంత అప్పుడు బొంబాయిల ఉంటిరి, నువ్వింకా చేతుల పిల్లవు. మీ నాయిన ఓటు కార్డు మా ఇంట్ల సందుగ పెట్టెల ఉండె. నేను గది తీస్కపోయి నర్సింహ అని రాయించిన. ఫోటో అంటవా? ఓటు కార్డుల ఎవలు ఎవల లెక్కుండరు బిడ్డా. పెండ్లైందా అని అడిగితే లేదన్న. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడు. ఏడు పాసైనోన్ని, పోయి సర్కారు ఆఫీసుల ఒక్క మాట అడుగుదామన్న తెలివి రాలే.

ఇగ చూడు తమాషా. సూపర్‌వైజర్ "నర్సింహా" అని ఒర్లుతడు, నేను తలకాయ తిప్ప. నా పేరైతే గద తిప్పేది. వీనికి చెవులు వినవడయ్ అనుకున్నడు పాపం, దగ్గరికొచ్చి చెవుల ఒర్లుడు షురూ చేసిండు. కంపెనీ మొత్తం చెవిటి నర్సింహ అన్నరు. మీ చిన్నమ్మ ఇంట్ల పడి పడి నవ్వేది.

గట్ల నవ్వే మనిషికి నవ్వితే ఆయాసం రాబట్టె. ముందు పట్టించుకోలే. తర్వాత బిందె ఎత్తినా ఆయాసమే, పండుకున్నా ఆయాసమే. సర్కారు దవాఖానల చూసి, గుండెల వాల్వు చెడిపోయింది, జల్ది పట్నం తీస్కపొమ్మన్నరు. ఆపరేషన్ చెయ్యకుంటే నెలలల్ల లెక్క అన్నరు. పైసలు పెట్టి చేయించాలంటే నన్ను అమ్మినా ఎల్లదు. తెల్లకార్డు ఉంటే ఫ్రీ.

షిఫ్టు దిగి సీదా మీ చిన్నమ్మను తీస్కొని ఉరికిన. పట్నంల పెద్ద దవాఖాన, కార్డులు చూసేకాడ ఓ పిల్ల కూసున్నది. కార్డు చూసింది, నన్ను చూసింది, మల్ల కార్డు చూసింది. అప్పుడు నాకు యాదికొచ్చింది, కంపెనీ బిళ్ల మెడలనే ఉన్నది. కార్డుల మల్లయ్య, మెడల నర్సింహ, మొఖం ఒక్కటే.

"అన్నా, ఈ కార్డు ఎవరిది?" అన్నది.

నిజం చెప్తే నౌకరి పోతది, కార్డు పోతది. నర్సింహనే అని అబద్ధం చెప్తే, కార్డుల ఉన్న మొగడు రాలేదని ఆపరేషన్ ఆగుతది. మీ చిన్నమ్మ బల్ల మీద కూసొని ఎగపోసుకుంటున్నది. గా ఎగపోతలనే అన్నది:

"గీయననే నా మొగడమ్మా. ఇరవై ఏండ్లు వండి పెట్టిన, నాకు తెల్వదా? మెడలదే అబద్ధం."

ఇగ దాచేదేమున్నది. మొత్తం కక్కిన. అన్న పేరు ఎందుకు పెట్టుకున్న, ఎవలేమన్నరు, అన్ని. ఆ పిల్ల గుస్స చేస్తదనుకున్న. జీతమెంత అని అడిగింది. చెప్పిన. పెన్ను కింద వెట్టింది.

"గా జీతానికి కార్డు ఎవరు తీస్తరన్నా? కార్డు తీసేసే జీతం వేరే, దాని దరిదాపులకు సుత రావు. నువ్వింకా బీదోనివే."

బిడ్డా, ఆడనే నేల మీద కూలవడి ఏడ్చిన, సంబురంతోని. దునియాల బీదోనివని చెప్తే గంత ఖుషీ అయినోడు నేనొక్కన్నే ఉంట. కంపెనీ నౌకరి వచ్చిందని రెండేండ్ల సంది లోపల్లోపల మీసం తిప్పుతున్న, గా మీసం గాడనే కింద వడ్డది. పడనియ్యి, మనిషి దక్కుతది గద.

అసలు పేరుతోని కంపెనీ కాయిదం తెమ్మన్నరు దవాఖానోళ్లు. తెల్లారి పోయి కంపెనీల లెక్కలు రాసే మునీమ్ ముంగట నిలవడ్డ. ఆయన తలకాయ కొట్టుకున్నడు. "నిజం పేరు రాయిస్తే కంపెనీ దవాఖాన కార్డు సుత వస్తుండె కదరా, నీ పెండ్లాం పేరు సుత ఎక్కుతుండె" అన్నడు. రెండు తలుపులు తెరిసున్న ఇంట్లకు నేను గోడ దుంకి పోయిన. తిట్టిండు గని పేరు మార్చిండు, నౌకరి తియ్యలే. సూపర్‌వైజరే జర బాధపడ్డడు, "గట్లయితే ఇన్నొద్దులు నా గొంతు ఎందుకు చింపించినవురా" అని.

ఆపరేషన్ అయింది. మూడో నెల చూపెట్టుకొని వస్తుంటే, ఇబ్రహీంపట్నం బస్‌స్టాండుల దిగి నేను ఆటోను పిలుస్తున్న. మీ చిన్నమ్మ వద్దన్నది. ఇంటిదాంక నడిచింది, ఒక్కకాడ ఆగలే. నేనే ఎన్క పడ్డ. నడుస్తున్న పెండ్లాం ఈపు చూసి గంత నిమ్మలంగ ఎన్నడు లేకుండె నాకు.

నువ్వు ఇయ్యాల రేపు ఏసీ ఆఫీసుల చేరుతున్నవ్. మంచిగుండు బిడ్డా. నీ జీతం పెరగాలె. పెరిగి పెరిగి ఓ దినం సర్కారోళ్లే, అమ్మా నీకు ఈ తెల్లకార్డు అక్కెర లేదు, ఇచ్చెయ్యి అనాలె. గా దినం నువ్వు ఫికర్ చెయ్యకు, నాకు ఫోన్ చెయ్యి. నేనూ మీ చిన్నమ్మ ఇద్దరం వస్తం, కడుపునిండ నవ్వుకుందాం...