పరశురాములు కాఫీ మిషిని కడిగిన ముచ్చట

నీళ్లకు కరువొచ్చిన యేడు ఊళ్లె మాటలకు మాత్రం కరువుండదు. ఆ యేడు కథలాపూర్ల బాయిలెండినయ్, తాటిచెట్లు కల్లు పారుడు బందువెట్టినయ్. చెట్లెక్కే శ్రవణ్, ఇగ కువైట్ పోత అన్నడు. షేకు ఇంట్ల కాఫీ మిషిని కడిగే పని అంట. పొద్దుగూకెవరకు కోరుట్ల ఏజెంటు అస్తడు, పాస్‌పోర్టు ఆయన చేతుల వెట్టాలె. అదే పని చేసొచ్చిన పరశురాములు నర్సన్న చాయ్ హోటల్ల ఉన్నడని తెలిసి, శ్రవణ్ తల్లి పోశవ్వ కొడుకును వెంటవెట్టుకొని అచ్చి బల్లమీద కూసున్నది. కొడుకు పోయే జాగ ఎట్లుంటదో ఇనాలని ఆమె కోరిక, గంతే.

"ఏం లేదు చిన్నమ్మా," పరశురాములు చాయ్ ఊదుకుంట మొదలువెట్టిండు. "ఎస్ప్రెస్సో అంటరు దాన్ని, మన కుట్టుమిషినంత ఉంటది. పొడి ఏసి బొత్తాం ఒత్తితె చిన్న గురిగంత కప్పుల నల్లగ కారుతది. అక్కడి నీళ్లకు లోపట తెల్లగ పెచ్చు గడ్తది. నెలకోపాలి గా పెచ్చు ఊడగొట్టుడే మన పని."

"గా మాత్రానికి ఇమానమెక్కాల్నా?" అన్నడు పక్క బల్లమీది బుచ్చన్న.

గా మాటతోని మిషిని పెరుగుడు షురువైంది.

"గంత అల్కగ తీసెయ్యకు బుచ్చన్నా. ఓపాలి పెచ్చు ముదిరి మిషిని గొంతు మూసుకపోయింది. షేకు కాఫీ తాగందే మంచం దిగడు, ఆయన దిగందే ఇంట్ల ఎవ్వలు దిగద్దు, పదకొండుమంది పిల్లలు బడికి పోక పన్నరు. ఇటలీకెళ్లి ఇద్దరు ఇంజనీర్లు దిగిండ్రు. ఒకడు సుత్తె పట్టిండు, సుత్తె వలిగింది. ఇంకోడు లోపట చెయ్యివెట్టిండు, చెయ్యి ఇరికింది, మూడు దినాలు వానికి మిషిని పక్కనే బువ్వ తినిపిచ్చిన."

"పాపం, గా పిలగాని తల్లి ఎట్ల ఓర్చుకున్నదో," అన్నది పోశవ్వ.

"కుట్టుమిషిన్ల చెయ్యెట్ల పడ్తదే?" బుచ్చన్న ఇడువలే.

"కుట్టుమిషినెవలన్నరు? రుద్రంగి రైసుమిల్లంత ఉంటది. మోకు కట్టుకొని ఎక్కిన, మన చెట్టెక్కినట్టె. నా మందు నేను ఏసిన, బొత్తాం ఒత్తిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవిరి లేచి కూతవెట్టింది, గా కూతకు సముద్రంల పోయే ఓడలు ఒడ్డుకు మళ్లినయ్. పెచ్చులు ఎగిరి ఎడారిల పడ్డయ్, గవ్వే ఇయ్యాల గుట్టలు. కాఫీ గోడ దుంకి వాగు లెక్క పారింది, ఒంటెలు తాగినయ్, నెల దినాలు నిద్రపోక నడుసుకుంట నడుసుకుంట పక్క దేశంల తేలినయ్. షేకు నా చేతులు కండ్లకద్దుకొని, సగం ఊరు రాసిస్త ఉండుమన్నడు. నేనే వద్దన్న."

శ్రవణ్ కండ్లు మెరిసినయ్. "అన్నా, ఏం మందది? నేను పోయినంక గదే ఏస్త."

అడిగేటోడు దొరికితె పరశురాములు ఆగడు. ముందటికి వంగిండు.

"షేకింటి మేడం తెల్లపొడి డబ్బా చూపిచ్చి కడుగుమని సైగ చేసింది. డబ్బాల పొడి ఒడిసింది. తెల్లపొడంటె మనకు తెల్వందా? కల్లు పులువద్దని మా నాయిన లొట్టి లోపట ఏం పూస్తుండె? సున్నం. పక్క బిల్డింగుల మన కోరుట్ల మేస్త్రీలుంటె, వాళ్ల తాన శేరు సున్నం తెచ్చి, చిక్కగ కలిపి, మిషిని కడుపునిండ వోసిన."

పోశవ్వ గిలాస కిందవెట్టింది. ఆమెకు ఎగతాళి చెయ్యాలని లేదు, నిజంగనే సమజ్ కాలే.

"కొడుకా, తెల్వక అడుగుత. మా ఇంట్ల నీళ్లు కాగే గంజుకు గసొంటి పెచ్చే గడ్తది, అది సున్నమేనాయె. చింతపండు నానవోసి తోముత, ఊడస్తది. సున్నం పట్టినదాన్ల మల్ల సున్నం వోస్తె, అది కడుగుడా, గోడకు గిలాబు చేసుడా?"

బుచ్చన్న నోట్లె చాయ్ బయటవడ్డది. నర్సన్న నవ్వలే, పొయ్యి మంట తగ్గిచ్చి మెల్లగ అడిగిండు, "రెండేండ్ల వీసకు పోయి ఏడు నెలలకే అచ్చినవు. గిందుకేనా?"

పరశురాములు తల లేపలే.

"గీ ముక్క అక్కడ ఒక్కలు గూడ చెప్పలే చిన్నమ్మా. డబ్బా మీద రాసుండె. ఎవలను చదువుమందు? మిషిని పొగలేసి బందైంది, తెల్లారి నన్ను ఇమానమెక్కిచ్చిండ్రు."

"మరి గా ఒంటెలు?" శ్రవణ్ ఇంకా ఆశతోనే అడిగిండు.

"ఒక్క ఒంటెను గూడ చూడలే తమ్మీ. వంటింటికి కిటికె లేకుండె."

పోశవ్వ కొడుకు దిక్కు చెయ్యి చాపింది. శ్రవణ్ జేబులకెళ్లి పాస్‌పోర్టు తీసి ఆమె చేతుల వెట్టిండు. ఆమె దాన్ని కొంగున ముడేసుకొని లేచింది.

"ఏజెంటు అస్తె ఏం చెప్పాలె పోశవ్వా?" అన్నడు నర్సన్న.

"ముందుగాల గా వంటింటికి కిటికె పెట్టిచ్చుమను," అన్నది.