రెబ్కా మేడం గారి కాలిన కాయిల్స్ సభ

మే నెల తుఫానుకు వాగు పొంగి మన వర్క్‌షాపులో మోకాటి లోతు నీళ్లు నిలిచిన ఏడు, అంటే పంతొమ్మిది వందల తొంభై, జులై పదహారో తేదీ సోమవారం నాడు, శ్రీమతి రెబ్కా గారు మన పారిశ్రామిక శిక్షణ సంస్థలో ఎలక్ట్రీషియన్ విభాగానికి శిక్షకురాలిగా విచ్చేశారు. వారి భర్త దానయ్య గారు సైకిలు మీద గేటు దాకా తెచ్చి దింపి వెళ్లారు. అప్పుడు నేను వర్క్‌షాపు అటెండరుని. తాళం తీశాను. నీళ్లు పోయినా వాసన పోలేదు. బెంచీల కింద మోటార్లన్నీ ఎండిన బురద పట్టి పడి ఉన్నాయి. కొత్తగా వచ్చినవారు ముందు ఆఫీసులోకి వెళ్లి సంతకం పెడతారు. ఈమె కొంగు నడుముకు బిగించి, మొదటి మోటారు ముందు కూర్చుని, స్పానరు అడిగారు. సంతకం మధ్యాహ్నం పెట్టారు.

ఈ అభినందన సంచికకు వ్యాసం రాయమని ఇప్పటి శిక్షకురాలు తేజశ్రీ గారు నన్ను అడిగారు. మూడో తరగతి దాటనివాణ్ణి, నాతో ఎందుకమ్మా అన్నాను. "మేడంని మొదటి రోజు చూసినవాళ్లు మీరొక్కరే మిగిలారు ఆదాం గారూ" అన్నారు. అది నిజమే. నేను చెప్పి, రాసి, మళ్లీ దిద్దించుకున్నది ఇది.

ఆ తడిసిన మోటార్లను పాత ఇనుము కింద అమ్మేద్దామని అప్పటి ప్రిన్సిపాలు గారి ఉద్దేశం. రెబ్కా గారు వారి గది గుమ్మంలో నిలబడి వినయంగానే అడిగారు.

"అమ్మకండి సార్. బాగున్న మోటారు పిల్లలకు పుస్తకంలో కనపడుతుంది. పాడైపోయింది ఎక్కడ కనపడుతుంది? ఇవి నాకిప్పించండి."

"ఏం చేసుకుంటారమ్మా వీటిని?"

"విప్పుకుంటాం సార్."

గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. మోటార్లు మాత్రం మిగిలాయి. ఆ సంవత్సరం మన విద్యార్థులు మోటారులో కొత్త రాగితీగ చుట్టు, అంటే కాయిల్, వేయడానికి ముందు పాత చుట్టు ఎందుకు పోయిందో చెప్పడం నేర్చుకున్నారు. మిరప తోటలకూ పత్తి చేలకూ నీళ్లు పెట్టే కాలంలో కరెంటు బలం తగ్గి రైతుల మోటార్లు కాలడం ఈ ప్రాంతంలో ఏటా ఉన్నదే. అంతకుముందు మన పిల్లలు చుట్టిన మోటారు నెల తిరక్కుండా మళ్లీ షాపుకొచ్చేది. రెబ్కా గారి చేతి కింద నేర్చుకున్నవాళ్లు చుట్టింది పంట చేతికొచ్చేదాకా నిలిచేది. చిలకలూరిపేట రోడ్డు మీది వైండింగు షాపులవాళ్లు "మేడం బ్యాచీ పిల్లోడున్నాడా?" అని గేటు దగ్గరకొచ్చి నన్ను అడిగేవారు. అంతకు మించిన యోగ్యతాపత్రం ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదని నా అభిప్రాయం.

తదనంతరం వారు బదిలీ మీద రెండు చోట్ల పనిచేసి, శిక్షణాధికారిణిగా పదోన్నతి పొంది, రెండువేల ఆరులో తిరిగి మన సంస్థకే విచ్చేశారు. వచ్చేటప్పుడు ఒక ప్రశ్న వెంట తెచ్చుకున్నారు. పరీక్షలో చక్కగా చుట్టిన పిల్లవాడు పనిలోకి వెళ్లాక ఎందుకు తప్పు చేస్తాడు? తప్పు వాడిదా, నేర్పిన మనదా? ఈ ప్రశ్న ఒక్క సంస్థలో తేలేది కాదని, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల శిక్షకులందరినీ మూడు నెలలకొకసారి మన షెడ్డుకు పిలవనారంభించారు. కాగితాల మీద దాని పేరు శిక్షకుల పరిశోధన వేదిక. మేమందరం పిలుచుకునే పేరు కాలిన కాయిల్స్ సభ.

ఆ సభకు దండల్లేవు, ఉపన్యాసాల్లేవు. వచ్చిన ప్రతివారూ తమ విద్యార్థి చెడగొట్టిన వస్తువొకటి తేవాలి. అది బెంచీ చుట్టూ చేతులు మారుతుంది. తెచ్చినవారు నోరు విప్పకూడదు. మిగిలినవాళ్లు తిప్పి చూసి, గోరుతో గీకి, వాసన చూసి, పిల్లవాడు ఎక్కడ తప్పాడో చెప్పాలి. ఆ తరవాత మేడం గారు రెండో ప్రశ్న వేస్తారు. "వాడి సంగతి సరే. మన తప్పేంటి?" అప్పుడు షెడ్డు నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దంలోంచి ఎవరో ఒకరు నిజం చెబుతారు. తిరిగి వెళ్లి పాఠం మార్చి చెప్పి, ఏమైందో వచ్చేసారి వచ్చి చెబుతారు. దీన్నే పరిశోధన అంటారని ఒకసారి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పెద్దమనిషి సెలవిచ్చారు. అద్దంకి నుంచి వచ్చే అంకారావు గారు, "అట్లాగా! మా ఆవిడ దీన్ని పని లేని కబుర్లంటుందండీ" అన్నారు.

ఒక నియమం మాత్రం కఠినంగా ఉండేది. వస్తువు ముట్టుకునే ముందు మేడం గారు "మెయిన్ ఆఫ్!" అంటారు. బోర్డుకు దగ్గరున్నవారు లేచి మెయిన్ స్విచ్చి దించాలి. బెంచీ మీద ఉన్నది కాలి చచ్చిన తీగే అయినా సరే. పిల్లల ముందు ఒక విధం, మన ముందు ఒక విధం ఉండకూడదని వారి పట్టుదల. ఏళ్ల తరబడి ఆ మాట విని విని, అది చెవిన పడగానే మా శిక్షకులకు చెయ్యి దానంతటదే లేచేది.

తరవాత కరోనా వచ్చింది. సభ ఆగింది. వ్యాధి తగ్గాక కూడా సభ పూర్వస్థితికి రాలేదు. ప్రయాణపు రోజును డ్యూటీ కింద రాసేది లేదని పై ఆఫీసు తేల్చేసింది. సెలవు పెట్టుకుని వచ్చేవాళ్లు ముందు సగమయ్యారు, తరవాత సగంలో సగమయ్యారు. చివరికి ఒక సభకు అంకారావు గారూ, మేడం గారూ, నేనూ ఉన్నాం. నేను అప్పటికి ఉద్యోగం నుంచి దిగి చాలా కాలమైంది. సభ రోజు మాత్రం తప్పకుండా రమ్మనేవారు. ఆ రోజు మేడం గారు టీ గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు తాగలేదు.

"నేను దిగిపోతే ఇది కూడా పోద్ది కదా అంకారావు గారూ?" అన్నారు.

"పోద్ది" అన్నారు ఆయన. ఆయన అబద్ధం చెప్పరు.

అప్పుడే వారు ఆన్‌లైన్ వైపు చూశారు. ఎవరి ఊళ్లో వాళ్లుండి, తెర మీద కలవవచ్చు. పై అధికారి ఒకరు, ఒక్క సభ చూపించండి, బాగుంటే ఆ పూట అందరికీ డ్యూటీ రాయిస్తాను, లేకుంటే వేదిక ఎత్తేయండి అన్నారు. పదవీ విరమణకు ఏడాది కూడా లేదు. ఇంతకాలం నిలబెట్టింది ఆ ఒక్క పూట మీద ఆధారపడింది.

ఆ రోజు జరిగినది మన వృత్తిలోనివారికి తప్ప మరొకరికి సాధ్యం కాదు. తేజశ్రీ గారు ల్యాప్‌టాపు పెట్టారు. తెర నిండా గళ్లు, గడికొక సంస్థ, గడి నిండా శిక్షకులు. పై అధికారి కూడా ఒక గడిలో ఉన్నారు. మేడం గారు నమస్కారం చెప్పి, బెంచీ మీది కాయిల్ చేతిలోకి తీసుకోబోతూ, అలవాటు కొద్దీ గట్టిగా అన్నారు.

"మెయిన్ ఆఫ్!"

అన్ని ఊళ్లలోనూ చేతులు లేచాయి. అన్ని ఊళ్లలోనూ మెయిన్లు పడ్డాయి. వరసగా గళ్లన్నీ ఆరిపోయాయి. మన షెడ్డులోనూ మెయిన్ పడింది గానీ, తేజశ్రీ గారి ల్యాప్‌టాపులో బ్యాటరీ ఉంది, నెట్టు ఆమె ఫోనులోది, కాబట్టి మేం మిగిలాం. పై అధికారి ఖాళీ తెర కేసి కాసేపు చూసి, వారు కూడా వెళ్లిపోయారు. మెయిన్లు మళ్లీ వేసి, కంప్యూటర్లు లేచి, మనవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చేసరికి చూడవలసినవారు లేరు.

ఈ లోపల తెర మీద ఒకే ఒక్క గడి వెలుగుతూ ఉంది. చీరాలలో ఇంటి దగ్గరే కుట్టుపని నేర్పే రాజేశ్వరి గారు. అత్తగారు మంచం పట్టడంతో ఇల్లు కదలలేక మన సభకు ఎన్నడూ రాలేకపోయినవారు. మొట్టమొదటిసారి ఫోనులో చేరారు.

"మీరొక్కరే ఉన్నారేంటమ్మా?" అన్నారు మేడం గారు.

"నాకు మెయిన్ లేదండీ. నాది కాలితో తొక్కే మిషను."

అంతటి ఆపదలోనూ మేడం గారు పడి పడి నవ్వారు. కళ్ల వెంబడి నీళ్లు వచ్చేదాకా నవ్వారు. ముప్పై ఆరేళ్లలో వారు అట్లా నవ్వడం నేను చూడలేదు. నవ్వు ఆగాక, కాయిల్‌ని ఫోను ముందు తిప్పి చూపిస్తూ, ఏమనిపిస్తోందో చెప్పమన్నారు.

"నా చేతికి రాలేదుగా మేడం, నేనేం చెప్పను?" అన్నారు రాజేశ్వరి గారు. "సినిమా చూసినట్టుంది."

ఆ మాట మేడం గారు వదల్లేదు. మర్నాడు పై అధికారికి ఫోను చేసి ఇంకొక్క అవకాశం అడిగారు. "ఇదే ఆఖరుసారి" అన్నారు వారు. తరవాత మేడం గారు వైండింగు షాపు నుంచి కాలిన మోటారొకటి తెప్పించారు. దాని కడుపులోని కాయిల్స్ చెదరకుండా నేనూ తేజశ్రీ గారూ బయటకు తీశాం. ఒక్కో సంస్థకు ఒక్కో కాయిల్, అట్టపెట్టెలో పెట్టి, ఆర్టీసీ పార్సిల్లో పంపారు. ఒకే మోటారులోవి, ఒకే తప్పుకు కాలినవి. రాజేశ్వరి గారికీ ఒకటి వెళ్లింది.

రెండో సభ పోయిన నెల జరిగింది. ఈసారి మేడం గారు ఒక కాగితం మీద "మెయిన్ అనకూడదు" అని పెద్దక్షరాలతో రాసి ల్యాప్‌టాపు మీద అతికించుకున్నారు. తెర మీద ప్రతి గడిలోనూ ఒక కాయిల్ చేతులు మారుతోంది. అందరూ ఒకేసారి వాసన చూస్తున్నారు.

"చుట్టు మీద పూసిన వార్నీషు ఆరలేదు. పచ్చిదే బిగించేశాడు పిల్లోడు" అన్నారు అంకారావు గారు.

"కాదండీ, కాయిల్ కింద వేసే స్లాటు పేపరు కురచైంది. అంచు చూడండి" అన్నారు కందుకూరు వైపు నుంచి కొత్తగా చేరిన షఫీక్ గారు.

"ఏ అంచు చూడమంటావయ్యా? నా ముక్కు నలభై ఏళ్ల నుంచి చూస్తోంది."

"మీ ముక్కు మీద నాకు గౌరవమేనండీ. మీ దగ్గరున్న ముక్కను ఒకసారి తిరగేయండి."

అంకారావు గారు తిరగేశారు. అంచు గోరుతో గీకారు. "రెండూనూ" అన్నారు. అన్ని గళ్లూ నవ్వాయి.

మేడం గారు రెండో ప్రశ్న వేశారు. మన తప్పేంటి? మా షెడ్డులో పూర్వం ఉండే నిశ్శబ్దమే తెర మీదికి వచ్చింది. పై అధికారి తమ గడిలో కదలకుండా కూర్చున్నారు. అప్పుడు రాజేశ్వరి గారు మెల్లగా అందుకున్నారు.

"నాకు మోటార్లు తెలియవండీ. మా దగ్గరైతే ఇస్త్రీ చేయకుండా జాకెట్టుకి చెయ్యి అతికిస్తే ముడత పడుద్ది. పిల్లలకది తెలుసు. టైమైపోతోంది, కానివ్వండి అని నేనే తొందరపెడతాను. మీరు కూడా అంతేనా?"

"అంతేనమ్మా" అన్నారు అంకారావు గారు. "వార్నీషు ఆరేదాకా మేమెవరం ఆగాం? గంట కొట్టేలోగా బిగించమని అరిచేది నేనే."

షఫీక్ గారు చెయ్యెత్తారు. తరవాత మరొక గడిలో మరొకరు. ఇన్నేళ్లుగా వేధించిన ప్రశ్నకు సమాధానంలో ఒక పాలు ఆ పూట దొరికింది. పరీక్షకు మోటారు తిరిగితే చాలు, అందుకని ఎవరూ ఆరనివ్వలేదు. ఇకమీదట వార్నీషు ఒక రోజు, బిగింపు మరో రోజు అని అందరూ ఒప్పుకున్నారు. పై అధికారి గొంతు సవరించుకుని, "ఈ పూట అందరూ డ్యూటీ రాసుకోండి. వచ్చేసారి కూడా" అన్నారు.

సభలో ఒక ఆచారం ఉంది. చివరి వస్తువు ఎవరి చేతిలో ఆగితే తరవాతి సభ వారిది. మేడం గారు అలవాటుగా, "చివరి ముక్క ఎవరి దగ్గరుంది?" అని అడిగి, ఆగిపోయారు. ఈసారి ముక్క అందరి దగ్గరా ఉంది. షఫీక్ గారు తమ కాయిల్ పైకెత్తి, "నా దగ్గరండీ" అన్నారు. పక్క గడిలో మరొకటి లేచింది. "మా దగ్గరండీ." చూస్తూ ఉండగా తెర నిండా నల్లటి కాయిల్స్ పైకి లేచాయి. మేడం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇంతమందికి ఎట్లా ఇచ్చేది?" అన్నారు.

"చీరాల అమ్మాయికివ్వండి" అన్నారు అంకారావు గారు. "ఆ రోజు మనమందరం చీకట్లో పోతే నిలబడింది ఆమెగా."

అట్లా వేదిక రెబ్కా గారి చేతి నుంచి మరొకరి చేతికి సగౌరవంగా మారింది. శిక్షకుల వేదికను కాపాడి, దూరాన్ని జయించి, ఇల్లు కదలలేని ఒక సోదరికి అధ్యక్షపీఠం అప్పగించి పదవీ విరమణ చేస్తున్న ఇటువంటి అధికారిణిని మన సంస్థ ఇంతకుముందు చూడలేదు. ఇది పొగడ్త కాదు. నేను అక్కడే ఉన్నాను.

రాజేశ్వరి గారి సభకు చెడిపోయిన జాకెట్టు చేతులు అన్ని ఊళ్లకూ చేరాలి. ఆమెకు ఇల్లు వదిలి పార్సిలాఫీసుకు వెళ్లే వీలు లేదు. అందుచేత మర్నాడు పొద్దున్నే నేను చీరాల బస్సెక్కాను. రాజేశ్వరి గారు గుమ్మంలోకి వచ్చి, "ఇంత దూరం మీరెందుకు బాబాయిగారూ, ఎవరితోనైనా పంపేదాన్నిగా" అంటూ సంచీ ఇచ్చి, మజ్జిగ ఇచ్చారు. మజ్జిగ తాగి తిరుగు బస్సెక్కాను. ఒడిలో సంచీ పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. ప్రభువా, మా రెబ్కా మేడం గారికి మంచి ఆరోగ్యం ఇవ్వు, చూపు తగ్గనివ్వకు, దానయ్య గారితో కలిసి నిండు నూరేళ్లూ చల్లగా ఉండనివ్వు అని అడిగాను. తరవాత స్టాండులో దిగి, ఊరికొక పార్సిలు చొప్పున అన్నీ బుక్ చేశాను.